అనంతగిరి నుంచి వాడపల్లి దాకా

(చిలుకూరులో సేవాలాల్ జయంతి సభలో చేసిన ప్రసంగం)



సంఘం పెద్దలు మమ్మల్ని పోటీ పరీక్షల గురించి మాట్లాడమన్నారు. పోయినేడు అదే మాట్లాడాం, అంతకు ముందేడూ అదే. చెప్పీ చెప్పీ మాకు, వినీ వినీ మీకు విసుగొచ్చింది. పెద్దలు క్షమించాలి, ఈసారి సంక్రాంతి సెలవుల్లో మేము చేసిన ఒక ప్రయాణం గురించి చెప్తాం.

మేము అంటే ఎనిమిది మందిమి. వార్డెన్, ట్యూటర్ మేడం, నలుగురు ఇంటర్ పిల్లలు, ఇద్దరు డిగ్రీ చదువుతున్న మా పాత పిల్లలు. పేర్లు చెప్పొద్దని పిల్లలే అడిగారు, అందుకని చెప్పం. ఇది హాస్టల్ కార్యక్రమం కాదు. సెలవుల్లో, తల్లిదండ్రుల సంతకాలు తీసుకుని, పై అధికారులకు ముందే చెప్పి చేసుకున్న సొంత ప్రయాణం.

దీనికి మొదలు ఒక ఫోన్ ప్రకటన. ఒక రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒకమ్మాయి ఫోన్ తెచ్చి చూపించింది. ఎనిమిది మంది మించని చిన్న బృందం, కొండల్లో నడక, పల్లెదారుల్లో సైకిలు, చెరువులో కయాకింగ్, రాత్రికి గుడారం. ఫొటోలు బాగున్నాయి. అడుగున ధర చూసి ఆ అమ్మాయి, "మేడం, ఇది మా యాడి రెండు సీజన్ల మిరప కోత" అంది. పక్కనున్న పిల్ల ఇంకో మాట అంది. "నడవడానికి కూడా డబ్బులు కడతారా మేడం? మనకైతే నడవకుండా ఉండటానికి డబ్బులు కావాలి."

అందరం నవ్వాం. తర్వాత మాకు నవ్వు రాలేదు. ఆ పిల్లలు తమ ఇల్లు, హాస్టల్ కాకుండా చూసిన ఊళ్ళేవని అడిగాం. మిరప కోతలకు అమ్మానాన్నలతో పోయిన ఊళ్ళు, పత్తి తీయడానికి పోయిన ఊళ్ళు, ఒకరిద్దరు జాన్‌పహాడ్ దర్గా, మట్టపల్లి గుడి. చూడటానికని, ఊరికే చూడటానికని, ఒక్కరూ ఎక్కడికీ పోలేదు.

మనమెవరం? లదేణి చేసిన వాళ్ళం. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కన్ అంతా తిరిగిన వాళ్ళం. మొఘల్ సైన్యాలు దక్షిణానికి వస్తే వాటికి తిండిగింజలు అందించింది బంజారా బిడారులే. బండి దారులు, రైళ్ళు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. ఆ తర్వాత బ్రిటిష్ వాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. ఒకచోట నిలవకుండా తిరిగే ఎన్నో జాతులను, కొన్ని ప్రాంతాల్లో మనవాళ్ళను కూడా, పుట్టుకతోనే నేరస్థులన్నారు. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి, పోలీసు దగ్గర హాజరు వేయించుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చి అయిదేళ్ళయ్యాక, 1952లో గానీ ఆ చట్టం పోలేదు. చట్టం పోయింది కానీ భయం ఎక్కడో మిగిలింది. "ఊళ్ళు తిరిగే పిల్ల" అని మనమే మన ఆడపిల్లను తిట్టే తిట్టులో ఆ పాత చట్టం ఇంకా బతికే ఉందని మాకనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోవచ్చు.

సరే, ఎక్కడికి పోవాలి? ట్యూటర్ మేడం భూగోళం బోధించే మనిషి. ఆమె గోడ మీది పటం ముందు నిలబడి మూసీ నది మీద వేలు పెట్టింది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. హైదరాబాద్ మధ్య నుంచి పారి, మన సూర్యాపేట పక్కగా వచ్చి, మిర్యాలగూడ అవతల వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పుట్టేచోట కొండ నడక. ఆ దగ్గర్లోనే ధారూర్ మండలంలో కోట్‌పల్లి ప్రాజెక్టు ఉంది, అక్కడ కయాక్‌లు నడిపిస్తారు. కలిసేచోటికి మన ఊరి నుంచి సైకిళ్ళ మీద పోవచ్చు. ప్రకటనలో ఉన్న మూడూ ఒక్క నది దారిలోనే దొరికాయి.

ఖర్చు సంగతి చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తాం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఎనిమిది మందిమీ ఆడవాళ్ళమే, బస్సు ఖర్చు సున్నా. జొన్న రొట్టెలు, పల్లీలు, బెల్లం ఇంటి నుంచి తెచ్చుకున్నాం. డబ్బు పెట్టింది కయాక్‌లకు, కొన్ని పూటల భోజనానికి, కోదాడలో రెండు సైకిళ్ళ అద్దెకు. మిగతా సైకిళ్ళు తోటి ఉద్యోగుల ఇళ్ళలో దుమ్ము పట్టి ఉన్నవే, అడిగితే ఇచ్చారు.

డబ్బు కంటే కష్టమైంది సంతకాలు. ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల ఒకామె తండ్రి ససేమిరా అన్నాడు. ఆ ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆయన చెప్పిన కారణం మాత్రం నీళ్ళు. "కచ్చులూరు మర్చిపోయారా మేడం?" అన్నాడు. మర్చిపోలేదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి యాభై మంది దాకా పోయారు. అంత దూరం ఎందుకు, సాగర్ కాలువల్లో బట్టలుతకడానికి దిగి, ఈతకు దిగి పోయిన పిల్లలు మన తండాల్లోనూ ఉన్నారు. ఆయన భయం తప్పని మేమనలేదు. లైఫ్ జాకెట్ లేకుండా ఒక్కరినీ నీళ్ళ దగ్గరికి పోనివ్వమని రాసిచ్చాం. అయినా కలం పట్టలేదు.

అప్పుడు మూలన మంచం మీద కూర్చున్న దాది, అంటే ఆ పిల్ల నాయనమ్మ, మాట్లాడింది. "మా తాత ఎద్దులేసుకుని ఉప్పుకు సముద్రం దాకా పోయిండు. ఎన్ని నెలలకొస్తడో తెల్వకుండానే మా అవ్వ ఇంట్ల పొయ్యి వెలిగించింది. ఇది బస్సెక్కి వికారాబాద్ పోతే ఆగమైతదా?" తండ్రి సంతకం పెట్టాడు. కానీ సైకిల్ మీద వాడపల్లికి మాత్రం పంపనన్నాడు. అది తర్వాత చూద్దామనుకుని కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాం.

కోదాడలో బస్సెక్కి సూర్యాపేట దాటాక టేకుమట్ల దగ్గర వంతెన వస్తుంది. ఆ కింద ఉన్నది మూసీ అని పిల్లలకు చూపించాం. ఎన్నిసార్లు ఆ దారిన పోయినా ఎవరూ కిటికీలోంచి కిందికి చూడలేదట. హైదరాబాద్‌లో బస్సు మారాక ఒక తమాషా. కండక్టర్ ఎక్కడినుంచి వస్తున్నారంటే చిలుకూరు అన్నాం. "బాలాజీ దర్శనం బాగైందా? ఏ దేశం వీసా?" అన్నాడు. మాది ఆ చిలుకూరు కాదు, కోదాడ చిలుకూరు అని చెప్పేసరికి పక్క సీట్ల వాళ్ళు కూడా నవ్వారు. "మాకు వికారాబాద్ వీసా చాలన్నా" అంది మా డిగ్రీ పిల్ల.

వికారాబాద్‌లో ఒక బస దగ్గర ఫోన్‌లో గదులున్నాయన్నారు. మనుషులను చూశాక, ఒకమ్మాయితో వచ్చిన ఆమె మేనత్త ఫేటియా, కాంచళి, చేతి గాజులు చూశాక, గదులు లేవన్నారు. ఆ మేనత్త మమ్మల్ని బస్టాండ్‌లో కలవడానికి ధారూర్ వైపు తండా నుంచి వచ్చిన మనిషి. ఆమె వాళ్ళతో ఒక్క మాట కూడా అనకుండా మా సంచులు రెండు ఎత్తుకుని "పదండి" అంది. ఆ మూడు రాత్రులూ వాళ్ళ తండాలోనే. ఆమె వేసిన పక్కల మీద పడుకుని పిల్లలు చాలాసేపు గుసగుసలాడుకున్నారు. గదులు లేవన్న మాట గురించి పొద్దున ఎవరూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఎత్తాల్సిందేమో అని ఇప్పుడనిపిస్తుంది.

అనంతగిరి మీద అనంత పద్మనాభ స్వామి గుడి ఉంది. కింద గుండం. మూసీ అక్కడే పుడుతుందని చెప్తారు. దారిలో పాత టీబీ ఆసుపత్రి ఉంది. మందులు అంతగా లేని రోజుల్లో రోగులను ఆ అడవి గాలికి తెచ్చేవాళ్ళు. గుడి దగ్గర్నుంచి అడవిలోకి కాలిబాటలు పోతాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక జట్టు కూడా మాతో పాటే నడిచింది. మంచి బూట్లు, చేతి కర్రలు, వీపు సంచులు. మా పిల్లల కాళ్ళకు చెప్పులు. ఎక్కేటప్పుడు మావాళ్ళే ముందు, దిగేటప్పుడు మాత్రం జారి ఇద్దరి చెప్పులు తెగాయి. కాబట్టి చెప్పులతో కొండెక్కడం గొప్ప అని ఇక్కడెవరూ అనుకోవద్దు, బూట్లు ఉంటే వేసుకోండి. ఆ జట్టులో ఒకాయన ఒక చెట్టు చూపించి ఏమిటని గైడ్‌ను అడిగాడు. గైడ్ తడబడ్డాడు. వెనక నుంచి మా పిల్ల, "అది తునికి, బీడీలకు ఆకు. ఇది మోదుగ, మీరు విస్తరి కుట్టుకోవచ్చు, వచ్చే నెల ఎర్రగా పూస్తది. అటుది టేకు" అంది. అప్పటి నుంచి వాళ్ళు గైడ్‌ను వదిలి ఈ పిల్ల వెంట పడ్డారు. క్లాసులో బాటనీలో మార్కులు తక్కువొచ్చే పిల్ల అది. టీచర్ శిక్షణ తీసుకున్న వాళ్ళం, ఇన్నేళ్ళుగా ఆ పిల్లకు తెలిసింది ఏదో మేము ఒక్కసారీ అడగలేదు.

గుండం దగ్గర నీళ్ళు దోసిట్లో పట్టుకుని ఒకమ్మాయి అడిగింది. "మేడం, ఇవే నీళ్ళు సూర్యాపేట దగ్గరికొచ్చేసరికి అట్లెందుకైతయి?" జవాబు తర్వాత చూపిస్తామన్నాం.

మరుసటి రోజు కోట్‌పల్లి. అడవి మధ్య నీళ్ళు. కయాక్ అంటే సన్నగా పొడుగ్గా ఉండే చిన్న పడవ. మన కృష్ణలో చేపలు పట్టేవాళ్ళ పుట్టి గుండ్రంగా ఉండి తిరుగుతూ పోతుంది, ఇది బాణంలా పోతుంది. ఒకరో ఇద్దరో కాళ్ళు ముందుకు చాపి కూర్చుంటారు. తెడ్డుకు రెండు వైపులా రెక్కలుంటాయి, కుడికోసారి ఎడమకోసారి వేయాలి. ఇద్దరున్న పడవలో ముందు కూర్చున్న వాళ్ళు లయ పట్టాలి, వెనక వాళ్ళు దాన్ని చూసి వేస్తూ దారి తిప్పాలి. లయ తప్పితే తెడ్లు కొట్టుకుంటాయి, పడవ అక్కడే గింగిరాలు కొడుతుంది. మొదటి పావుగంట మావాళ్ళవన్నీ గింగిరాలే. తర్వాత ఎవరో తీజ్ పాట ఎత్తుకున్నారు. పాటకు తెడ్లు కలిశాయి. పడవలు కదిలాయి.

ఇక మా తప్పు కూడా చెప్పాలి. ఫోన్లు ఒడ్డునే పెట్టమని చెప్పాం, కానీ ఒక్క ఫోన్ ఉండనీ అని మేమే మెత్తబడ్డాం. నీళ్ళ మధ్యలో ఒక పిల్ల సెల్ఫీ కోసం పడవలో లేచి నిలబడింది. కయాక్‌లో నిలబడితే తిరగబడుతుంది. తిరగబడింది. ఇద్దరూ నీళ్ళలో. అందులో ఒకరు కచ్చులూరు గురించి అడిగిన ఆయన కూతురే. ఆ నిమిషంలో మాకు ఆయన ముఖం తప్ప ఇంకేమీ కనిపించలేదు. జాకెట్లు తేల్చాయి. కానీ ఒక జాకెట్ బెల్టు వదులుగా ఉంది. జాకెట్ చెవుల దాకా లేచి, పిల్ల అందులోంచి కిందికి జారుతోంది. పడవల దగ్గరి అబ్బాయి వెంటనే వచ్చి పట్టుకున్నాడు. ఒడ్డుకొచ్చాక ఆ పిల్ల వణుకుతూ అరగంట కూర్చుంది. మేము ఇక చాలు, పోదాం అన్నాం. ఆమె లేచి, బెల్టు తనే మళ్ళీ బిగించుకుని, ఊపిరి బిగపట్టి చూసి, భుజాల దగ్గర పైకి లాగి చూసి, జారడం లేదని మాకు చూపించి, మళ్ళీ పడవ దగ్గరికి నడిచింది. ఫోన్ మాత్రం కోట్‌పల్లిలోనే ఉంది.

తమ్ముళ్ళూ, లైఫ్ జాకెట్ వేసుకోవడం వేరు, బిగించుకోవడం వేరు. ముఖ్యంగా మీకు చెప్తున్నాం, కాలువల్లోకి దూకేది మీరే.

ఇంటికి వచ్చాక వాడపల్లి ప్రయాణానికి ముందు ఒకరోజు సైకిళ్ళకే సరిపోయింది. సీటు ఎంత ఎత్తుండాలో మాకు ఒక పాత సైకిల్ షాపు తాత నేర్పాడు. తొక్కుడు కిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు చాచినట్టుండాలి, లేకపోతే మోకాళ్ళు పోతాయి. మనవాళ్ళు సీటు కిందికి దించుకుని గంటలకొద్దీ తొక్కి, సైకిల్ అంటేనే నొప్పి అంటారు. నెలసరి గురించి కూడా ముందే మాట్లాడుకున్నాం, ప్యాడ్లు అందరి సంచుల్లో పెట్టించాం. మగపిల్లల ముందు ఇది చెప్తున్నామని ఎవరూ ముఖం తిప్పుకోనక్కర్లేదు. ఆ సంచి సర్దుకోలేకే చాలామంది ఆడపిల్లలు ప్రయాణాలు మానుకుంటారు.

ఆ తండ్రి సంగతి. కూతురు నీళ్ళలో పడ్డ విషయం దాచకుండా మేమే పోయి చెప్పాం. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "రేపెన్ని గంటలకు?" అన్నాడు. అయిదింటికన్నాం. పంపుతాననీ అనలేదు, పంపననీ అనలేదు. పొద్దున అయిదుకు పిల్ల గేటు దగ్గర ఉంది.

చిలుకూరు నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల, మిర్యాలగూడ, దామరచర్ల మీదుగా వాడపల్లి. అరవై కిలోమీటర్ల పైమాటే. ఎడమ పక్కన ఒకరి వెనక ఒకరం, చివర సైకిల్‌కు ఎర్ర చున్నీ కట్టాం. పొగమంచులో రెండు వైపులా సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, యాసంగి నాట్లు. నాట్లేసే వాళ్ళు వంగినవాళ్ళు లేచి మమ్మల్ని చూశారు. ఏ తండా అని కేకేసి అడిగారు. సిమెంట్ లారీలు వస్తే దిగి నిలబడ్డాం, పౌరుషానికి పోలేదు.

హుజూర్‌నగర్ దాటాక ట్యూటర్ మేడం వెనక్కి చూసి చెప్పింది, ఒక మోటార్ సైకిల్ చాలాసేపటి నుంచి మా వెనకే వస్తోందని. మేము ఆగితే అదీ దూరంగా ఆగుతోంది. భయపడ్డాం. తర్వాత ఆ పిల్లే గుర్తుపట్టింది. "మా బాపు" అంది, సిగ్గుపడుతూ.

చిల్లేపల్లి దగ్గర మూసీ వంతెన మీద ఆగాం. గుండం దగ్గర ప్రశ్న అడిగిన అమ్మాయిని పిలిచి కిందికి చూడమన్నాం. నలుపు. వాసన. నాలుగు రోజుల క్రితం ఆమె దోసిట్లో పట్టిన నీరే ఇది. 1908 సెప్టెంబర్ 28న ఇదే మూసీ ఉప్పొంగి హైదరాబాద్‌ను ముంచింది. ఆ తర్వాత వరదను ఆపడానికి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. వరదకు ఆనకట్టలు కట్టిన ఊరు తన మురికికి కట్టలేకపోయింది. అది కిందికి మన పొలాల్లోకి వస్తోంది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, నోట్‌బుక్ తీసి తేదీ, చోటు, నీటి రంగు రాసుకుంది. ఇప్పుడు ప్రతి నెలా ఎవరో ఒకరు ఆ దారిన పోతే చూసి రాస్తున్నారు.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కన ఊకదుమ్ము కళ్ళలో పడి కాసేపు నడిచాం. దామరచర్ల దగ్గర ఒక సైకిల్ పంక్చరైంది. మా దగ్గర ప్యాచ్‌లున్నాయి, కానీ పంపు పని చేయలేదు. అప్పుడు ఆ మోటార్ సైకిల్ మెల్లగా దగ్గరికొచ్చి ఆగింది. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా సైకిల్‌ను తాడుతో బండి వెనక కట్టుకున్నాడు. ఎక్కి కూర్చోమంటే కూతురు ఎక్కలేదు. వేరే పిల్ల వెనక క్యారేజీ మీద కూర్చుని వచ్చింది.

వాడపల్లిలో అగస్త్యేశ్వర స్వామి గుడి మెట్ల దగ్గర, రెండు నదులు కలిసే చోట, చెప్పులు విప్పి కూర్చున్నాం. కృష్ణ వెడల్పుగా ఉంది. ఆయన కాస్త దూరంగా కూర్చుని బీడీ వెలిగించబోయి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి కూతుర్ని అడిగాడు, "ఆ పడవ పేరేందన్నవ్?" ఆమె ఇసుక మీద కయాక్ బొమ్మ గీసి, తెడ్డెలా వేయాలో, జాకెట్ ఎక్కడ బిగించాలో చూపించింది. సంబంధాల మాట ఇంకా నడుస్తూనే ఉంది, అది మా చేతుల్లో లేదు. వార్షిక పరీక్షలు రాశాకే అని మాత్రం ఆయన పెద్దమనుషులకు చెప్పాడట.

మాలావత్ పూర్ణ మన తండా బిడ్డే. నిజామాబాద్ జిల్లా పాకాల. భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె ఫొటో మా హాస్టల్ గోడ మీద ఉంది. పిల్లలు ఏదైనా అడిగితే ఆ ఫొటో చూపించేవాళ్ళం. "పూర్ణక్క వేరు మేడం" అనేవాళ్ళు. దేవుడి పటం పక్కన పెడితే ఎవరైనా దండమే పెడతారు, వెంట నడవరు. ఈ ప్రయాణం నుంచి వచ్చాక ఆ పిల్లలే అడిగారు, భువనగిరి గుట్టకు ఎప్పుడని.

అందుకే సంఘాన్ని అడిగేది ఇదీ. పెద్ద సభకు పెట్టే ఖర్చులో కొంత తీసి ఎనిమిది సైకిళ్ళు, ఎనిమిది మంచి లైఫ్ జాకెట్లు, ఒక పని చేసే పంపు కొనండి. అవి సంఘం దగ్గరే ఉండాలి, అడిగిన తండా పిల్లలకు సంతకం పెట్టించుకుని ఇవ్వాలి. ఆడపిల్లలకు ఈత నేర్పే ఆడమనిషి కోసం మేము వెతుకుతున్నాం, మీకు తెలిసిన వాళ్ళుంటే చెప్పండి. వచ్చే ప్రయాణం వార్షిక పరీక్షలయ్యాక భువనగిరి గుట్టకు. ఎండలు ముదరకముందే పోవాలి, పొద్దున ఆరుకే ఎక్కడం మొదలవ్వాలి. పేర్లు భోజనాల దగ్గర ట్యూటర్ మేడం రాసుకుంటుంది. ఈత రాకపోయినా పర్వాలేదు, సైకిల్ రాకపోయినా నేర్పిస్తాం. అమ్మానాన్నల సంతకం మాత్రం కావాలి. రానంటే మేమొచ్చి అడుగుతాం, దాది ఉన్న ఇంటికైతే ముందు వస్తాం.

జై సేవాలాల్.